చందా డబ్బాతో బయల్దేరే ముందు

చంక కర్ర కొసకు నల్ల రబ్బరు బుష్షు ఒకటి తొడిగి ఉంటుంది. రోజూ నడిచేవాళ్లకు అది కొన్ని నెలల్లోనే అరిగి, అడుగున గాళ్లు పోయి నున్నగా తయారవుతుంది. మా వైపు ఇళ్లల్లో వసారా నుంచి వంటింటి దాకా పరిచేవి కడప బండలే. వాన జల్లో, బిందె తొణికిన నీళ్లో పడ్డ బండ మీద అరిగిన బుష్షు ఆనితే కర్ర జారుతుంది, కర్రతో పాటు మనిషీ పడతాడు. కొత్త బుష్షుకు పెద్ద ఖర్చేమీ కాదు, ఒక పూట టిఫిను డబ్బులు చాలు. అయినా రాజంపేటలో అది అడిగిన వెంటనే దొరకదు. తిరుపతికి పోయేవాళ్లెవరైనా ఉంటే చెప్పి తెప్పించుకోవాలి.

నాకు రెండో ఏట పోలియో వచ్చింది. ఎడమ కాలికి క్యాలిపరు, చేతుల్లో రెండు కర్రలు. ఇక్కడే డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ నవంబరు నెల వచ్చిందంటే కాలేజీ పిల్లలు ఇంటికి వస్తుంటారు. డిసెంబరు 3 అంతర్జాతీయ వికలాంగుల దినం కదా, 1992లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ రోజుకు ఏదో ఒకటి చేయాలని పిల్లల తపన.

"మేడం, ఈసారి బస్టాండు కాడ డబ్బాలు పట్టుకోని నిలబడాలనుకుంటాండాం. వచ్చిన డబ్బుతో వికలాంగులకు ఏమన్నా కొనిస్తాం" అంటారు.

"ఎవరికి కొనిస్తారు? ఏం కావాలో వాళ్లను అడిగినారా?" అని అడుగుతాను. చాలాసార్లు జవాబు రాదు. పిల్లల మనసులో లోటేమీ లేదు. అడగాలన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మా దగ్గర చదువుకుని, అమెరికాలో నార్త్ కరొలైనాలోని షార్లెట్‌లో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి ఒకడున్నాడు. అక్కడి కాలేజీ కుర్రాళ్లు వికలాంగుల కోసం డబ్బు పోగుచేసే తీరు గురించి మొదట నాకు చెప్పింది అతనే. అక్కడి యూనివర్సిటీల్లో గ్రీకు అక్షరాలే పేర్లుగా పెట్టుకున్న విద్యార్థి సంఘాలుంటాయి. మగపిల్లలవి ఫ్రటర్నిటీలు, ఆడపిల్లలవి సొరోరిటీలు. ఒకసారి చేరితే బతికినంతకాలం అన్నదమ్ములమనో, అక్కచెల్లెళ్లమనో లెక్క. చాలాచోట్ల ఒకే ఇంట్లో కలిసి ఉంటారు, చదువైపోయాక ఉద్యోగాల విషయంలో ఒకరికొకరు ఆసరా అవుతారు. ప్రతి పెద్ద సంఘమూ తనదంటూ ఒక సేవాకార్యాన్ని పట్టుకుంటుంది. డెల్టా గామా అనే అమ్మాయిల సంఘం 1936 నుంచి చూపులేనివాళ్ల కోసం పనిచేస్తోంది. పై కప్పా ఫై అనే అబ్బాయిల సంఘం వికలాంగుల కోసం ఏకంగా సొంత సంస్థనే పెట్టుకుంది. ఆ సంస్థ కార్యాలయం ఉన్నది షార్లెట్‌లోనే.

పై కప్పా ఫై 1904 డిసెంబరు 10న సౌత్ కరొలైనాలోని చార్ల్‌స్టన్ కాలేజీలో పుట్టింది. దాని సేవా సంస్థ మొదలైంది 1977లో. దాని పుట్టుక కథే నన్ను బాగా ఆకట్టుకుంది. నార్త్ కరొలైనాలో మోర్గంటన్ అనే ఊళ్లో, తీవ్రమైన వైకల్యాలున్నవాళ్లు ఉండే వెస్టర్న్ కరొలైనా సెంటర్ ఉండేది. థామస్ సేర్ అనే కళాకారుడు అక్కడి పిల్లల కోసం ఆట పరికరాలు రూపొందించాడు. కదల్లేని పిల్లవాడు కూడా తాకి, విని, చూసి ఆనందించేలా తయారుచేసినవి. వాటిని ఊరూరా పెట్టించడానికి మనుషులూ డబ్బూ కావాల్సి వచ్చాయి. అప్పట్లో పై కప్పా ఫై కార్యనిర్వాహకుడిగా ఉన్న డర్వర్డ్ ఓవెన్ తమ కుర్రాళ్లను ఆ పనికి దింపాడు. సంస్థకు మొదట పెట్టిన పేరు పుష్. తీవ్ర వైకల్యమున్నవారికి ఆట పరికరాలు అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. తర్వాత అదే పుష్ అమెరికా అయింది, 2014లో ఎబిలిటీ ఎక్స్‌పీరియన్స్‌గా పేరు మార్చుకుంది.

ఆ కుర్రాళ్లు పోగుచేసిన మొదటి డబ్బు ఆటకు పోయింది. ఆ మాట విన్న రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నా చిన్నప్పుడు వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే నన్ను అరుగు మీద కూర్చోబెట్టేవాళ్లు. ఎవరు గీత తొక్కారో చూసి చెప్పడం నా పని. ఇంటికి వచ్చినవాళ్లంతా నా మీద జాలిపడ్డారు. నూనెలు తెచ్చారు, తాయెత్తులు కట్టారు, ఫలానా దర్గాకు తీసుకుపొమ్మన్నారు, ఫలానా కొండకు మొక్కుకోమన్నారు. ఆ పిల్లకు ఆడుకోవాలని ఉంటుందేమో అని ఒక్కరికీ తోచలేదు. మందు కావాలి, బండి కావాలి, పింఛను కావాలి, నిజమే. వాటితో పాటు ఆట కావాలి, స్నేహం కావాలి, సినిమాకు పోవాలి, పెళ్లిలో అందరితో కలిసి పంక్తిలో కూర్చోవాలి. చందా పోగుచేసేవాళ్ల జాబితాలో ఇవి ఎప్పుడూ కనిపించవు.

ఎబిలిటీ ఎక్స్‌పీరియన్స్ చేసే పనుల్లో బాగా పేరొచ్చింది సైకిల్ యాత్రకు. 1987లో బ్రూస్ రోజర్స్ అనే సభ్యుడు ఒక్కడే సైకిలు మీద అమెరికాను ఒక కొస నుంచి ఇంకో కొసకు దాటాడు. మరుసటి ఏడాది నుంచి అది ఏటా జట్టుగా చేసే యాత్ర అయింది. దానికి జర్నీ ఆఫ్ హోప్ అని పేరు. వేసవి సెలవుల్లో కుర్రాళ్లు శాన్ ఫ్రాన్సిస్కో వైపు నుంచి బయల్దేరి వేల మైళ్లు తొక్కి వాషింగ్టన్ చేరతారు. బయల్దేరే ముందే ఒక్కొక్కరు వేల డాలర్ల చందా తెచ్చుకోవాలి. తల్లిదండ్రుల దగ్గర, చుట్టాల దగ్గర, పాత సభ్యుల దగ్గర, ఊళ్లో వ్యాపారుల దగ్గర అడుగుతారు. దారిలో మజిలీ చేసిన ఊళ్లో వికలాంగుల సంస్థకు వెళ్తారు. వాళ్లతో కలిసి భోంచేస్తారు, పాటలు పెట్టుకుని చిందులేస్తారు, చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లతో బంతాట ఆడతారు. సైకిలు తొక్కడం ఎంత ముఖ్యమో ఆ పూట గడపడమూ అంతే ముఖ్యం. వారాంతాల్లో కొందరు సుత్తులూ రంపాలూ పట్టుకుని ఎవరింటికో, ఏ శిబిరానికో ర్యాంపు కట్టి వస్తారు.

ఈ సంఘాల గురించి మంచి మాత్రమే చెబితే పాఠకులకు అన్యాయం చేసినట్టే. కొత్తగా చేరేవాళ్లను వేధించడం, తాగుడు అక్కడ పెద్ద జబ్బు. 2017లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఇదే పై కప్పా ఫైలో చేరుతున్న విద్యార్థి ఒకడు ఒక విందులో మోతాదు మించి తాగి చనిపోయాడు. యూనివర్సిటీ ఆ తర్వాత తన దగ్గరున్న ఫ్రటర్నిటీలన్నిటి కార్యకలాపాలనూ కొంతకాలం ఆపేసింది. ర్యాగింగును చూసిన మనకు ఇది తెలియని సంగతేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దానికి చట్టం చేయాల్సి వచ్చింది. ఒకే సంఘం ఒకచోట ర్యాంపు కడుతుంది, ఇంకోచోట ప్రాణం తీస్తుంది. కుర్రాళ్ల ఐకమత్యానికి పెద్దల కాపలా ఎందుకు అవసరమో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

మన దగ్గర గ్రీకు అక్షరాల సంఘాలు లేవు. అయితే బ్యాచ్ ఉంది. ఫలానా ఏడాది టెన్త్ బ్యాచ్, ఫలానా ఏడాది డిగ్రీ బ్యాచ్ అని వాట్సాప్ గ్రూపులు లేని ఊరు ఈ రోజు రాయలసీమలో లేదు. సంక్రాంతికో వేసవికో కలుస్తారు, చదువు చెప్పిన అయ్యవార్లకు శాలువాలు కప్పుతారు, ఎవరైనా స్నేహితుడు ఆసుపత్రి పాలైతే రాత్రికి రాత్రి లక్షలు పోగుచేస్తారు. వినాయక చవితికి వీధి వీధినా చందా పుస్తకం పట్టుకుని తిరిగే కుర్రాళ్లకు వసూలు విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. సినిమా అభిమాన సంఘాలే చూడండి. 1998లో చిరంజీవి రక్తనిధి, నేత్రనిధి పెట్టినప్పుడు వరసలో నిలబడ్డది అభిమానులే. కాలేజీల్లో ఎన్.ఎస్.ఎస్. ఉండనే ఉంది. గాంధీ శతజయంతి ఏడాది 1969 సెప్టెంబరు 24న 37 యూనివర్సిటీల్లో మొదలైన పథకం అది. సంఘాలు తలుచుకుంటే ఏమవుతుందో నా కాళ్లను తాకిన జబ్బే చెబుతుంది. పోలియోను తరిమేయడానికి 1985లో రోటరీ క్లబ్బులు ప్రపంచమంతా చందాలకు దిగాయి. మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియో చుక్కలు వేస్తున్నారు. సహజ పోలియో వైరస్‌తో వచ్చిన కేసుల్లో 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో తేలినదే చివరిది. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియాకు పోలియో లేని ప్రాంతంగా ధ్రువపత్రం వచ్చింది. ఇప్పటి పిల్లల్లో క్యాలిపరు తొడిగిన పోలియో కాలు కనిపించడం లేదంటే, ముక్కూమొహం తెలియనివాళ్లు వేసిన చందా కూడా అందులో ఉంది. అందుకే చందా అనే మాటను నేను ఎన్నడూ చులకన చేయలేను.

అయితే చందా ఎక్కడ పడాలో అక్కడ పడాలి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్లు నీళ్ల పాలయ్యాయి. రాజంపేట కాలేజీల పిల్లలు ఆటోల్లో బియ్యం, కందిపప్పు, దుప్పట్లు వేసుకుని పోయారు. నా శిష్యురాలు ఒకమ్మాయి అక్కడి నుంచి ఫోన్ చేసింది. ఒక ముసలాయన చుట్టాలింట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడట. "బియ్యం శానామంది ఇచ్చినారు తల్లీ. నా కర్రలు నీళ్లల్లో పోయినాయి. బయటికి పోవాలంటే ఇద్దరు మోయాల్సి వస్తాంది" అన్నాడట. నా దగ్గర అల్యూమినియం కర్రలు పాత జత ఒకటి ఉంటే పంపాను. ఎత్తు సరిచేసే కన్నాల్లో బోల్టు ఒకటి తుప్పు పట్టి కదల్లేదు. ఆ అమ్మాయి వెల్డింగు షాపుకు తీసుకుపోయి కోయించి, కొత్త బోల్టు వేయించి, ఆయన చంక కింద రెండు వేళ్ల సందు ఉండేలా ఎత్తు చూసి ఇచ్చింది. ఆ సందు లేకపోతే చంకలో నరం నొక్కుకుని చేయి తిమ్మిరెక్కుతుంది. అడిగింది కాబట్టి ఆయన చెప్పాడు.

నేనూ ఒక వేదిక మీద బహుమతి పుచ్చుకున్నదాన్నే. ఒక సంస్థవాళ్లు పిలిచి, దండ వేసి, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఇచ్చి ఫోటో తీయించుకున్నారు. కర్రలతో నడిచి కాలేజీకి పోయే మనిషికి ఆ బండి ఎందుకో నాకు అర్థం కాలేదు. మా ఇంటి సందులోకి అది పట్టలేదు కూడా. అవసరమున్న మనిషి పక్క వీధిలోనే ఉన్నాడు, ఆయనకే ఇచ్చేశాను. నాకు ఆ పూట కావలసింది క్యాలిపరుకు కొత్త తోలు పట్టీ. క్యాలిపరంటే తొడ నుంచి మడమ దాకా రెండు వైపులా ఇనుప కడ్డీలు, వాటిని కాలికి బిగించే తోలు పట్టీలు, మోకాలి దగ్గర తాళం. నిలబడేటప్పుడు తాళం పడాలి, కూర్చునేటప్పుడు చేత్తో పైకి లాగాలి. పట్టీ తెగితే మనిషి ఇల్లు కదల్లేడు. మా వైపు వాళ్లు వీటికోసం తిరుపతిలోని బర్డ్ ఆసుపత్రికి పోతారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1985లో పెట్టిన ఆ ఆసుపత్రిలో ఎముకల ఆపరేషన్లు, క్యాలిపర్లు, కృత్రిమ కాళ్లు పేదలకు ఉచితం. కానీ తెగిన పట్టీతో తిరుపతి దాకా పోవడమెట్లా? తోడెవరు? ఆ రోజు కూలి ఎవరిస్తారు?

ఈ సందులోనే చందా డబ్బు పనికొస్తుందని నా నమ్మకం. కొత్త వస్తువు ఇవ్వడానికి ప్రభుత్వ పథకాలున్నాయి. కాన్పూరులోని అలింకో తయారుచేసే బండ్లు, కర్రలు, వినికిడి యంత్రాలు శిబిరాలు పెట్టి ఇస్తారు. రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలైంది. ఇచ్చిన వస్తువు పాడైతే బాగుచేసే దిక్కే తక్కువ. బ్యాటరీ చచ్చిన మోటారు బండి మీద కోళ్లు ముడుచుకుని పడుకునే వాకిళ్లు నాకు తెలుసు. అందుకని మా పిల్లలకు కొత్తవి కొనొద్దని చెప్పాను, మరమ్మతు నిధి పెట్టమన్నాను. బుష్షులు మూడు సైజుల్లో తెప్పించి ఒక మందుల షాపులో ఉంచారు. చెప్పులు కుట్టే ఆయనకు క్యాలిపరు పట్టీ కొలతలు చూపించారు, ఆయన బర్డ్‌లో కుట్టినంత నీటుగా కుడుతున్నాడు. పంచరు షాపు కుర్రాడు చక్రాల కుర్చీ ముందు చక్రం బేరింగు మార్చడం నేర్చుకున్నాడు. పని చేయించుకున్నవాళ్లు షాపులో సంతకం పెడితే చాలు, నెలాఖరుకు పిల్లలు లెక్క కడతారు. పుచ్చుకునే మనిషికి దండా లేదు, ఫోటో లేదు. సైకిలు బాగుచేయించుకున్నట్టు చేయించుకుని పోతాడు.

ఒక ఇంటికి ర్యాంపు కూడా కట్టారు. ఆ ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయి చక్రాల కుర్చీలో ఉంటుంది. వాకిట్లో ఆరేసి అంగుళాల మెట్లు మూడు. "ఐదడుగుల చెక్క వాలుగా వేస్తే సరిపోదా మేడం?" అన్నారు. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల వాలు ఉండాలన్నది లెక్క. 18 అంగుళాల ఎత్తు ఎక్కాలంటే 18 అడుగుల ర్యాంపు కావాలి. అంతకంటే నిటారుగా ఉంటే ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, దిగేటప్పుడు చేతికి ఆగదు. వాకిట్లో చూస్తే అంత పొడవు లేదు. మేస్త్రీని పిలిచి, గోడ వెంబడి సగం పోయాక ఐదడుగుల చదును వేసి, అక్కడ వెనక్కి తిప్పారు. అంచుల్లో చక్రం జారిపోకుండా చిన్న గట్టు కట్టారు. పైన నున్నగా పూత పూయబోతుంటే ఆ అమ్మాయే వద్దంది, పచ్చి సిమెంటు మీద చీపురుతో అడ్డగీతలు గీయించింది. ఇసుక మోసిందీ, నీళ్లు పట్టిందీ కాలేజీ పిల్లలే. ఇప్పుడు ఆమె సాయంత్రాలు వాళ్లతో పాటు అంగడి వీధిదాకా వస్తోంది. ఆమె కుర్చీ వెనక ఎవరూ ఉండరు, పక్కన ఉంటారు.

హక్కుగా రావలసినదాని కోసం జోలె పట్టొద్దని కూడా పిల్లలకు చెబుతుంటాను. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాలను ఏడు రకాల నుంచి 21కి పెంచింది. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు కేటాయించింది. ప్రజలు వాడే పాత భవనాలన్నిటినీ నిబంధనలు వెలువడిన ఐదేళ్లలో అందరూ వచ్చిపోయేలా మార్చాలంది. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. ఆఫీసు ముందు ర్యాంపు కట్టడానికి బస్టాండులో డబ్బా పడితే, కట్టాల్సినవాళ్ల బాధ్యతను మనం మాఫీ చేసినట్టవుతుంది. అక్కడ కావలసింది అర్జీ. ఇంటి ర్యాంపుకు చట్టం రాదు, అక్కడ కావలసింది చందా. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రానికి స్లాటు బుక్ చేయడం, శిబిరం రోజు ఆసుపత్రిలో తోడుండటం లాంటి పనులకు డబ్బే అక్కర్లేదు, ఒక పూట తీరిక చాలు. ఆ పత్రం లేనిదే పింఛను రాదు, బండి రాదు, సీటు రాదు.

అమెరికా నుంచి బ్యాచ్ వాళ్లు డబ్బు పంపుతామన్నప్పుడు ఒక జాగ్రత్త. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఏ సంఘమూ విదేశీ డబ్బు తీసుకోకూడదు. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన పిల్లవాడు పంపితే మాత్రం అవుతుంది, పుట్టింది నందలూరులోనే అయినా సరే. షార్లెట్ అబ్బాయికి ఇంకా మన పాస్‌పోర్టే ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు.

అడగడాన్ని పద్ధతిగా చేసినవాళ్లు మన పక్క జిల్లాలోనే ఉన్నారు. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్.డి.టి. అనే సేవా సంస్థకు స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు విరాళాలు పంపుతూ వచ్చాయి. ఆ డబ్బు కంటే నాకు గొప్పగా తోచేది అక్కడి ఊళ్లల్లో ఏర్పడ్డ వికలాంగుల సంఘాలు. వికలాంగులే కూర్చుని తమకేం కావాలో మాట్లాడుకుంటారు. పుచ్చుకునేవాళ్లు గుంపుగా ఉంటే ఇచ్చేవాళ్లు వినక తప్పదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు 22 లక్షల మందికి పైగా తేలారు. అంతమంది ఒక్కొక్కరుగా ఇళ్లల్లో ఉండిపోతే ఎవరి చందా సరిపోతుంది?

ఈ ఏడాది పిల్లల సమావేశంలో ఆ ఇంటర్ అమ్మాయి, వరద ఊరి పెద్దాయన మనవడు, చూపులేని డిగ్రీ కుర్రాడు ఒకడు కూర్చున్నారు. వసూలు డబ్బులో మొదటి ఖర్చు రెండు మోటారు బండ్ల బ్యాటరీలకని తేల్చారు. రెండోది తిరుపతిలో సినిమా, అందరూ కలిసి, ఎక్కడానికి వీలున్న థియేటరు చూసుకుని. ఆ ఖర్చు మీద కాసేపు వాదన జరిగింది. చందా ఇచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని ఒకరిద్దరు వెనకాడారు. డబ్బా మీద ఆ సంగతీ రాసి పెడదామని డిగ్రీ కుర్రాడే అన్నాడు, అందరూ సరేనన్నారు.

కాలేజీ లైబ్రరీ మెట్ల గురించి మాత్రం చందా ఊసు రాలేదు. అర్జీ రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చారు. ఇంజనీరు వచ్చి కొలతలు తీసుకుపోయాడు. మెట్లు నాలుగు. ర్యాంపు వేయాలంటే సైకిల్ స్టాండు అడ్డం వస్తోంది. దాన్ని జరపాలని ఆయన, జరపడానికి చోటు లేదని ఆఫీసు వాళ్లు అంటున్నారు. ఇంకో కొలత తీసుకోవడానికి పిల్లలు వచ్చే సోమవారం టేపు పట్టుకుని పోతున్నారు.